బ్రెగ్జిట్ మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

బ్రిటన్ 2016లో ఓటేసి యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికెళ్ళిన కథ, అదే బ్రెగ్జిట్, దాని మీద నువ్వు రాసిన వ్యాసం చదివా. ముందు ఒక మాట, నన్ను గురువుగారూ అని రాయకు, చిన్నప్పట్నుంచీ పిలిచినట్టు బాబాయ్ అను చాలు. ఇక విషయానికొస్తా.

రాయడం వచ్చు నీకు, అందులో డౌట్ లేదు, వాక్యం ఎక్కడా పట్టేయకుండా నడుస్తోంది. కానీ ఎర్ర బస్సుతో మొదలెట్టావు చూడు, అక్కడే నాకు నీరసం వచ్చింది. బ్రెగ్జిట్ మీద రాసే ప్రతివాడూ ముందు ఆ బస్సే ఎక్కుతాడు. వారానికి 350 మిలియన్ పౌండ్లు ఈయూకి కడుతున్నాం, ఆ డబ్బు మన ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌కి పెట్టుకుందాం అని లీవ్ వాళ్ళు, అంటే బయటికెళ్దాం అన్నవాళ్ళు, రాయించుకుని ఊరూరా తిప్పారే, ఆ బస్సు. అది అబద్ధం అని నిరూపించడానికి నువ్వు ఒకటిన్నర పేజీ ఖర్చుపెట్టావు. సరే, 1984లో ప్రధాని థాచర్ కొట్లాడి తెచ్చుకున్న రిబేటు, అంటే కట్టాల్సిన దాంట్లో తగ్గింపు, తీసేస్తే ఆ లెక్క నిలబడదు, రిబేటు డబ్బు అసలు దేశం దాటి వెళ్ళేదే కాదు, మిగిలిన దాంట్లో కూడా కొంత రైతులకీ వెనకబడ్డ ప్రాంతాలకీ తిరిగొచ్చేది, వాళ్ళ స్టాటిస్టిక్స్ అథారిటీయే ఇది తప్పుదోవ పట్టించే అంకె అని ఓటింగుకి ముందే చెప్పింది. ఇదంతా ఒక పేరాలో అయిపోతుంది కదా. నువ్వు అడగాల్సింది వేరే ప్రశ్న, తప్పని అంతమంది చెప్పినా ఆ అంకె ఎలా పన్జేసింది అని. నాకైతే ఇలా అనిపిస్తుంది, రిమైన్ వాళ్ళు, అంటే ఉందాం అన్నవాళ్ళు, టీవీల్లో కూర్చుని అబ్బే అంత కాదండీ, తక్కువే అన్న ప్రతిసారీ ఇంట్లో కూర్చుని వింటున్నవాడికి చేరింది ఒకటే సంగతి, వారం వారం డబ్బు పోతోంది అని.

రెండో పేజీలో "ముసలి తెల్లోళ్ళ జాత్యహంకారం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కొట్టెయ్. ఆ ప్రచారంలో జాతి ద్వేషం లేదని నేననట్లేదు, 2016 జూన్ 16న లీవ్ నాయకుడు నైజెల్ ఫరాజ్ శరణార్థుల క్యూ ఫొటోతో పోస్టర్ విడుదల చేశాడు, అదే రోజు మధ్యాహ్నం జో కాక్స్ అనే లేబర్ ఎంపీని ఒక తీవ్రవాద భావాలున్నవాడు నడిరోడ్డు మీద చంపేశాడు, ఇవి రాయాల్సిందే. కానీ 1 కోటీ 74 లక్షల మంది లీవ్‌కి వేశారు, అవతల 1 కోటీ 61 లక్షలు, 51.9కి 48.1. అంతమందికి ఒకటే మనసు అంటగడితే రాసేవాళ్ళకి పని తప్పుతుంది, చదివేవాళ్ళకి ఏమీ తెలీదు.

కొంచెం వెనక్కి వెళ్ళు. 1973 జనవరిలో ప్రధాని ఎడ్వర్డ్ హీత్ దేశాన్ని యూరప్ ఉమ్మడి మార్కెట్లో, అంటే ఈయూ పాత రూపంలో, చేర్చాడు, అంతకుముందు ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ రెండుసార్లు, 1963లో 1967లో, కుదరదు పొమ్మన్నాడు. 1975లోనే మొదటి రెఫరెండం అయింది, 67 శాతం ఉందాం అన్నారు, అప్పుడు ఉందాం అని స్వెటర్ మీద జెండాలేసుకుని ప్రచారం చేసింది ఎవరనుకున్నావ్, కుడి పక్క కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలు థాచరే. వద్దన్నది లేబర్ పార్టీ ఎడమ పక్కన ఉన్న టోనీ బెన్ లాంటోళ్ళు. 1983 లేబర్ మేనిఫెస్టోలో బయటికొచ్చేద్దాం అని రాసుంది! అంటే కుడి ఎడమలు ఈ గొడవలో చోట్లు మార్చుకున్నాయి, బెన్ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది, మన మీద చట్టాలు చేసేవాణ్ణి మనం ఓటుతో దించగలమా అని. నీ వ్యాసంలో ఈ ప్రశ్న ఎక్కడా లేదు. రిమైన్ వాళ్ళు ఎంత నష్టం వస్తుందో చెప్తూ పోయారు, లీవ్ వాళ్ళు ఎవరు నిర్ణయించాలి అని అడుగుతూ పోయారు, ఒకరి ప్రశ్నకి ఇంకొకరు జవాబే చెప్పలేదు. ఇది చర్చ ఎలా అవుతుంది?

ఊళ్ళు చూడు. సండర్‌ల్యాండ్‌లో నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది, ఆ కార్లలో ఎక్కువభాగం యూరప్‌కే పోతాయి, అక్కడ 61 శాతం లీవ్. వేల్స్‌లో ఎబ్బు వేల్ అని ఒక ఊరు, 2002లో స్టీల్ ఫ్యాక్టరీ మూతపడింది, తర్వాత ఈయూ నిధులు బాగానే వచ్చాయి, ఆ కౌన్సిల్లో 62 శాతం లీవ్. పిచ్చోళ్ళు అనేసి నవ్వడం తేలిక. ఫ్యాక్టరీ పోయినచోట ఈయూ నిధులతో పని జరిగిందని బోర్డు పెడితే ఏ మనిషికి ఏం ఒరిగింది అని ఆలోచించు, అప్పుడు నవ్వు రాదు. లింకన్‌షైర్‌లో బోస్టన్ అయితే 75 శాతం పైనే లీవ్, దేశంలోనే టాప్. అక్కడ కూరగాయల పొలాలు, ప్యాకింగ్ షెడ్లు, వాటిలో పనికి తూర్పు యూరప్ వాళ్ళు వచ్చారు. 2004లో తూర్పు యూరప్ దేశాలు ఈయూలో చేరినప్పుడు మొదటి రోజు నుంచే పనికి తలుపులు తీసింది మూడే దేశాలు, బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్. దేశం మొత్తానికి ఏడాదికి నికరంగా 13 వేల మంది దాకా రావచ్చని ప్రభుత్వం వేయించిన అంచనా, వచ్చినోళ్ళు అంతకి ఎన్నో రెట్లు. అద్దెలు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, బడిలో సీట్లు, వీటికి లండన్ నుంచి అదనంగా డబ్బు పంపకపోవడం బ్రస్సెల్స్ తప్పు, అంటే అక్కడున్న ఈయూ తప్పు, కాదు, లండన్ తప్పే. కానీ ఓటు అడిగింది బ్రస్సెల్స్ గురించి, మరి ఉన్న కోపమంతా అక్కడే దిగింది.

నువ్వుండే బర్మింగ్‌హామ్ గురించి ఒక్క ముక్క రాయలేదేంటమ్మా? అక్కడ 50.4 శాతం లీవ్, నాలుగు వేల ఓట్ల లోపు తేడా. అంత కలగలుపు జనం ఉన్న నగరంలో ఆ ఫలితం ఎలా వచ్చిందో అడగడానికి నీకంటే మంచి చోట ఎవరున్నారు? ఇంకో సంగతి, నీకు తెలుసో లేదో, ఆ రెఫరెండంలో కామన్వెల్త్ దేశాల పౌరులు అక్కడ చట్టబద్ధంగా నివాసం ఉంటే ఓటెయ్యొచ్చు. అంటే గుంటూరు నుంచి వర్క్ వీసా మీద వెళ్ళిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఓటుంది, పదేళ్ళుగా అక్కడే ఉండి పన్నులు కడుతున్న పోలండ్ ప్లంబర్‌కి లేదు! ఈయూ వాళ్ళలో ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి మాత్రమే ఉంది. అప్పుడు ప్రీతి పటేల్ లాంటి లీవ్ నాయకులు కర్రీ రెస్టారెంట్ల వాళ్ళకి యూరప్ వలస తగ్గితే మన ఉపఖండం నుంచి వంటవాళ్ళని తెచ్చుకోడం సులువవుతుందని చెప్పుకొచ్చారు. లండన్ ఈస్ట్ హామ్‌లో, మీ ఊళ్ళో, అప్పట్నుంచీ ఉన్న తెలుగు వాళ్ళని పట్టుకుని ఆ రోజు ఎటేశారు, ఎందుకేశారు అని అడుగు. తెలుగులో బ్రెగ్జిట్ మీద రాయడానికి నీకున్న అసలు అర్హత అది, గార్డియన్ పత్రికలో చదివింది తెలుగులో దించడం కాదు.

ఇప్పుడు అసలు లోటు చెప్తా. నీ వ్యాసం 2016 జూన్ 23 ఓటింగు, మర్నాటి ఫలితంతో ఆగిపోయింది. ప్రధాని కామెరాన్ రాజీనామా, పౌండు 1985 నాటి స్థాయికి పడింది, అయిపోయింది, శుభం కార్డు. గొడవ మొదలైందే అప్పుడు తల్లీ! బ్యాలెట్ మీద ఉన్నది ఉండాలా వెళ్ళాలా అని మాత్రమే, వెళ్తే ఎక్కడికి అని లేదు. నార్వే అయితే సింగిల్ మార్కెట్లో, అంటే అందరికీ ఒకే రూల్స్ ఉండే మార్కెట్లో, ఉంది, ఆ మార్కెట్ రూల్స్ యూరప్‌వే, మనుషుల రాకపోకలూ ఫ్రీ, కానీ కస్టమ్స్ యూనియన్లో, అంటే బయటి సరుకు మీద అందరూ ఒకే సుంకం వేసే ఏర్పాటులో, లేదు, అందుకే స్వీడన్ బోర్డర్ దగ్గర కస్టమ్స్ ఉంటుంది. టర్కీ దానికి రివర్స్, ఫ్యాక్టరీ సరుకుకి కస్టమ్స్ యూనియన్ ఉంది, బయటి దేశాల సరుకు మీద సుంకం యూరప్ ఎంతంటే అంత, మనుషులకి మాత్రం వీసా కావాలి. కెనడాకి రెండూ లేవు, ఒప్పందం మాత్రం ఉంది. లీవ్‌కి ఓటేసిన వాళ్ళలోనే ఈ మూడిట్లో దేనికదే కావాలనుకున్నవాళ్ళు ఉన్నారు, ఓటు పెట్టెలో పడగానే అందరూ ఒకటే లెక్కలోకి వచ్చేశారు. ఇది నీ పాఠకుడికి అర్థమైతే తర్వాత మూడున్నరేళ్ళు వాళ్ళ పార్లమెంటు ఎందుకు అలా కొట్టుకుందో దానంతటదే అర్థమవుతుంది.

అందుకే ఐర్లాండ్ మీద కనీసం రెండు పేజీలు రాయి. నువ్వు ఒక్క లైను రాశావు, అదీ బ్రాకెట్లో. ఉత్తర ఐర్లాండ్‌కీ ఐర్లాండ్ రిపబ్లిక్‌కీ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు, ఏళ్ళ తరబడి సాగిన హింసని ఆపిన 1998 శాంతి ఒప్పందం తర్వాత క్రమంగా అక్కడ చెక్‌పోస్టుల్లేకుండా, సైనికుల్లేకుండా పోయారు, జనం పొద్దున అటెళ్ళి సాయంత్రం ఇటొస్తారు. ఇప్పుడు ఒక పక్క ఈయూ రూల్స్, ఇంకో పక్క బ్రిటన్ రూల్స్ అయితే సరుకు ఎక్కడ చెక్ చెయ్యాలి? భూమి మీద చెయ్యలేం, పాత రక్తపాతం గుర్తుంది అందరికీ. సముద్రం మీద చేస్తే ఉత్తర ఐర్లాండ్ సొంత దేశం నుంచే తెగినట్టు. అసలు చెక్ వద్దంటే దేశం మొత్తం ఈయూ రూల్స్‌కి దగ్గరగా ఉండిపోవాలి, మరి వెళ్ళి ఏం లాభం. ఈ మూడే దార్లు. కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరిసా మే మూడో దానికి దగ్గరగా, వేరే దారి దొరికేదాకా అంటూ బ్యాక్‌స్టాప్ అని తెచ్చింది, ఆ ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటులో 432కి 202తో ఓడించారు, సొంత పార్టీ వాళ్ళే చాలామంది. మార్చి 27న ఎంపీల ముందు ఎనిమిది ఆప్షన్లు పెట్టి ఏదో ఒకటి ఎంచుకోండ్రా బాబూ అంటే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఆ సీన్ నీ వ్యాసానికి గుండెకాయ, నాకైతే ఆ బస్సు కంటే అదే పెద్ద సంగతి. ఆమె తర్వాత ప్రధానిగా బోరిస్ జాన్సన్ వచ్చి రెండో దారి, సముద్రం దారి పట్టాడు, డిసెంబర్ ఎన్నికల్లో 80 సీట్ల మెజారిటీతో గెలిచి 2020 జనవరి 31న బయటికి తెచ్చాడు, ఆ సముద్రం తగువు సర్దడానికి ప్రధాని సునాక్ 2023లో ఈయూతో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అనే ఒప్పందం చేసుకోవాల్సొచ్చింది.

మన రాష్ట్ర విభజనతో పోలిక పెట్టావు, ఆకర్షణ అర్థమైంది, మన పాఠకుడికి వెంటనే ఎక్కుతుంది అని. కానీ 2014లో విడిపోయింది ఒకే దేశంలో, పార్లమెంటు చట్టంతో, కరెన్సీ మారలేదు, నాగార్జునసాగర్ దాటితే కస్టమ్స్ లేదు, రెఫరెండం అసలే లేదు. నీళ్ళ తగాదాలు, ఉద్యోగుల పంపకాలు ఏళ్ళ తరబడి నలిగాయి చూడు, విడిపోవడం ఒక్కరోజు పని కాదన్న ఆ ఒక్క చోటే కలుస్తుంది. అంతవరకే వాడు, లేదా తీసెయ్.

అంకెలు కూడా అంతే, రెండు పక్కలా నిలబెట్టు. ఓటింగుకి ముందు వాళ్ళ ఆర్థిక శాఖ, ట్రెజరీ, బయటికెళ్తే 2030 కల్లా ఇంటికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టం అంది, లీవ్‌కి ఓటేస్తే వెంటనే మాంద్యం అని కూడా అంది, ఆ మాంద్యం అప్పుడు రాలేదు. అది రాయకుండా వదిలేస్తే లీవ్ వాడు నీ వ్యాసం రెండో లైన్లోనే మూసేస్తాడు. నష్టం లేదా అంటే ఉంది, నెమ్మదిగా, పెట్టుబడిలో, ఎగుమతి కాగితాల్లో, బడ్జెట్ లెక్కలు చూసే వాళ్ళ ఓబీఆర్ అంచనా ప్రకారం ఈయూలోనే ఉండుంటే ఉండేదానికంటే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువ. లీవ్ నాయకుడు మైకేల్ గోవ్ "నిపుణులతో విసిగిపోయాం" అన్నాడని నువ్వు కోట్ చేశావు, పూర్తి మాట చదువు, మాకే అన్నీ తెలుసంటూ పదే పదే తప్పు చెప్పే సంస్థల నిపుణులు అన్నాడు. ఆ మాట నాకూ నచ్చదు, అయినా సగం కోసి పెట్టడం మన పని కాదు.

వలస తగ్గుతుందని ఓటేశారు, యూరప్ నుంచి తగ్గింది, బయటి నుంచి పెరిగి 2023 నాటికి నికర వలస ఏడాదికి 9 లక్షల దాకా పోయింది. చదువయ్యాక రెండేళ్ళు ఉండి పని చూసుకోవచ్చని 2021లో వాళ్ళ ప్రభుత్వం మొదలెట్టిన వీసా మీదేగా నువ్వు అక్కడ ఉంది. దాన్ని వ్యాసంలో ఎక్కడో ఒకచోట ఒప్పుకో, దాచుకుంటే బాగోదు.

బస్సు ఒక పేరాకి కుదించు, ఐర్లాండ్ పెంచు, మీ ఊళ్ళో కనీసం ఇద్దరు లీవ్ వాళ్ళతో మాట్లాడి వాళ్ళ మాట వాళ్ళ మాటగానే పెట్టు, మధ్యలో నీ వెక్కిరింత దూర్చకు. ఫలితాలొచ్చిన ఆ రాత్రి గురించి రాసింది మాత్రం అసలు ముట్టుకోకు, బాగుంది. ఇంకోటి, ఈసారి వర్డ్ ఫైల్ పంపు, ఫోన్లో పీడీఎఫ్ పెద్దది చేసుకుని చదవలేక చస్తున్నా.

బాబాయ్