లాటిన్ బండ్లు, ఓడలు బట్టీకి లొంగవు

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లాటిన్ తీసుకుంది, నేషనల్ లాటిన్ ఎగ్జామ్ రాస్తానంటోంది. దారులు, బండ్లు, ఓడలు, ప్రయాణాల పదాలు బట్టీ పడుతుంది, వారం తిరిగేసరికి మర్చిపోతుంది. స్పానిష్‌కు మార్పించమంటారా? అసలు లాటిన్‌తో ఏ ఉద్యోగం వస్తుంది?

జవాబు: ఉద్యోగం సంగతి ముందు చెప్పేస్తానమ్మా. లాటిన్ చదివితే నేరుగా వచ్చే ఉద్యోగం దాదాపు ఒక్కటే, లాటిన్ పాఠాలు చెప్పడం. పబ్లిక్ స్కూల్లో అయితే దానికి మామూలుగా టీచర్ సర్టిఫికెట్ అడుగుతారు. పురావస్తు శాస్త్రం, ప్రాచీన చరిత్ర చదివేవాళ్లకు బాగా అక్కరకొస్తుంది. మెడిసిన్‌కు, లాకు మంచిదని అందరూ అంటారు. అక్కడ కొన్ని పదాలు తేలిగ్గా అర్థమవుతాయి, అంతవరకే. టెక్సస్ ఆస్పత్రిలో రోగితో మాట్లాడాలంటే స్పానిషే కావాలి. పిల్లకు ఇష్టం లేకపోతే మార్పించండి. మర్చిపోతోందని మాత్రం మార్పించకండి, అది చదివే తీరులో చిక్కు.

ఆ జాబితాలో మన చుట్టాలున్నారు. నావిస్ అంటే ఓడ, మన నావ. ఎక్వుస్ అంటే గుర్రం, అశ్వానికి దాయాది. వెహికులుమ్ వాహనానికి దగ్గరిది. సంస్కృతానికీ లాటిన్‌కూ మూలం ఒకటే కాబట్టి ఇవి కాకతాళీయం కావు. ఇతెర్ ఫాకెరె అంటే అచ్చంగా ‘ప్రయాణం చేయడం’. ఇవి ఇంట్లో మీరే చెప్పొచ్చు.

అసలు ఇబ్బంది పదం తోకలో, అంటే చివర మారే విభక్తిలో ఉంటుంది. ఇతెర్ అని ఒక్క రూపమే నేర్చుకుంటే వాక్యంలో ఇతినెరిస్ (ప్రయాణపు) కనబడినప్పుడు గుర్తుపట్టలేదు. ఊళ్ల పేర్లయితే మరీను. రోమమ్ అంటే రోమ్‌కు, రోమై అంటే రోమ్‌లో, చివర దీర్ఘంతో రోమా అంటే రోమ్ నుంచి. ముందు వేరే మాటేదీ రాదు. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు ఇక్కడే తడబడతారు. తెలుగు విభక్తులు తెలిసిన పిల్లకు ఇది కొత్తేం కాదు, కాకపోతే గుర్తుచేసేవాళ్లుండాలి.

జాబితా పక్కనపెట్టి ఒక్క దారి పట్టుకోమనండి. క్రీ.పూ. 312లో అప్పియుస్ క్లౌదియుస్ మొదలుపెట్టించిన వియా అప్పియా అనే రోమన్ రహదారి మీద, క్రీ.పూ. 52లో మిలో అనే రోమన్ రాజకీయ నాయకుడు భార్యతో కలిసి రైదాలో, అంటే నాలుగు చక్రాల బండిలో వెళ్తుంటే, ఎదురుగా గుర్రమెక్కి అతని రాజకీయ శత్రువు క్లోదియుస్ వచ్చాడు. గొడవలో క్లోదియుస్ హతమయ్యాడు. మిలో తరఫున వాదించిన రోమన్ వక్త కికెరో తన ప్రసంగంలో ఎవరు బండిలో ఉన్నారు, ఎవరు గుర్రం మీద ఉన్నారు అన్నదాన్నే సాక్ష్యంగా చూపాడు. (ఇంగ్లీషువాళ్లు సిసెరో అనేది ఈయన్నే.) హత్య కేసులో తగిలిన బండి పేరు ఏ పిల్లా మర్చిపోదు.

పరీక్షలో 40 ప్రశ్నలు, అన్నీ నాలుగింటిలో ఒకటి ఎంచుకునేవే. పాత పేపర్లు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. ఈ శనివారం ఒకటి రాయించి, తప్పుల్లో పదం తెలియక పోయినవెన్ని, తోక తెలియక పోయినవెన్ని లెక్కపెట్టండి.