తండ్రి రాసిన నోటుకు కొడుకు సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా నాన్న తెనాలి దగ్గర పల్లెలో రైతు. 2017 అక్టోబరులో మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసుకుని, 2020లోనూ 2023 అక్టోబరులోనూ వడ్డీని అసలులో కలిపి ప్రామిసరీ నోటు తిరగరాశారు. ఇప్పటి నోటు రూ.8,87,520కి ఉంది. నాన్న 2025లో కాలం చేశారు, అమ్మ అంతకు ముందే పోయారు. నాన్న స్వార్జితమైన ఎకరం పొలం నాకూ చెల్లికీ వచ్చింది. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమని, నా పేర నోటు రాయమని అప్పిచ్చినాయన ఒత్తిడి చేస్తున్నారు. వడ్డీ అసలును మించరాదని శాస్త్రంలో ఉన్నట్లు మా పురోహితులు చెబుతున్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగిని. ఏం చేయాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు, ఏ కాగితం మీదా సంతకం చేయకండి, నోటు వెనుక చెల్లు (కొంత సొమ్ము కట్టినట్లు రాత) కూడా రాయకండి. డిమాండు నోటు (అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసే ప్రామిసరీ నోటు) మీద దావాకు గడువు మూడేళ్లు కాబట్టి ఈ నోటుకు అది 2026 అక్టోబరుతో ముగుస్తుంది. ఆయన తొందర అందుకే కావచ్చు. మీ పేర కొత్త నోటు రాస్తే తండ్రిగారి అప్పు మీ సొంత అప్పవుతుంది, మీ జీతం దాకా వస్తుంది. గడువు తీరిన బాకీనైనా చెల్లిస్తానని రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షను ప్రకారం అది చెల్లుతుంది.

కొడుకు ధర్మం అనే మాట ఒకప్పుడు కోర్టుల్లోనూ నిలిచేది. తండ్రి బాకీ తీర్చడం పుత్రుని పవిత్ర బాధ్యత అన్న సూత్రాన్ని న్యాయస్థానాలు అమలు చేశాయి. అప్పుడు కూడా మద్యానికి, జూదానికి చేసిన అప్పులను యాజ్ఞవల్క్యుడు మినహాయించాడు. అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, 6(4) సెక్షను ద్వారా, ఆ ఏడాది సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు కేవలం ఈ ధర్మబాధ్యత ఆధారంగా కొడుకును పట్టుకునే హక్కును తీసివేసింది. మీ తండ్రిగారి అప్పు 2017 నాటిది. కాబట్టి ఆ వాదన చెల్లదు.

అంతమాత్రాన అప్పు పోదు. సివిల్ ప్రొసీజరు కోడ్ 52వ సెక్షను ప్రకారం, చనిపోయినవారి నుంచి వారసులకు వచ్చిన ఆస్తి మేరకు డిక్రీ, అంటే కోర్టు తీర్పు, అమలవుతుంది. ఆ ఎకరంలో మీ వాటాకూ మీ చెల్లెలి వాటాకూ ఈ భారం ఉంటుంది. ఆ పొలాన్ని అమ్మి, వచ్చిన సొమ్ము ఏమైందో లెక్క చూపలేకపోతే మాత్రం అంతమేరకు మీ సొంత ఆస్తి మీదికి రావచ్చు.

ఇక పురోహితులు చెప్పినది నిజమే. ఒకేసారి వసూలు చేసే వడ్డీతో బాకీ రెట్టింపును మించరాదని మనువు ఎనిమిదవ అధ్యాయంలో అన్నాడు. దామ్‌దుపట్ అనే పేరుతో ఈ నియమాన్ని బొంబాయి ప్రాంతంలోనూ కలకత్తా నగరంలోనూ కోర్టులు పాటించాయి గాని, పూర్వపు మద్రాసు రాష్ట్రంలో, అంటే మీ జిల్లాలో, సాధారణంగా అంగీకరించలేదు. పైగా అదే అధ్యాయంలో, వడ్డీ కట్టలేనివాడు దాన్ని కలిపి పత్రం తిరగరాసుకోవచ్చని కూడా ఉంది! మన ఊళ్లలో నోటు తిరగరాయడం అదే కదా. ఆ నియమం ఉన్న చోట కూడా అలా కలిసిన వడ్డీని అసలుగానే చూస్తారు.

మీకు పనికొచ్చేవి శాస్త్రం కన్నా చట్టాలే. 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కింద, వడ్డీ మితిమీరినదనీ వ్యవహారం అన్యాయమనీ తేలితే, కోర్టు పాత నోట్ల దాకా వెళ్లి లెక్క తిరగదోడవచ్చు. ఆరేళ్లకు బారువడ్డీ అయితే రూ.4,32,000, తిరగరాయడం వల్ల అదనంగా పడింది రూ.1,55,520. తండ్రిగారు నిర్వచనం ప్రకారం వ్యవసాయదారుడైతే, ఆంధ్ర ప్రాంతంలో వర్తించే 1938 నాటి వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం కింద కూడా వడ్డీ తగ్గించమని కోరవచ్చు. ఈ రెండింటినీ దావాకు ఇచ్చే జవాబులోనే లేవనెత్తాలి, డిక్రీ అయ్యాక కుదరదు. కనుక సమన్లు అందిన వెంటనే పాత నోట్ల వివరాలతో స్థానిక న్యాయవాదిని కలవండి.

తండ్రిగారి పేరు కోసం తీర్చాలని మీకే అనిపిస్తే చట్టం అడ్డు రాదు. అప్పుడు చెల్లెలితో కలిసి మొత్తం ఒకసారిగా తేల్చుకుని, పూర్తిగా చెల్లినట్లు ఆయన చేత రాయించి, అసలు నోటు వెనక్కి తీసుకున్నాకనే డబ్బు ఇవ్వండి, అది కూడా బ్యాంకు ద్వారానే.