సూది చూస్తే కళ్ళు తిరగడం జీన్స్ వల్లేనా?

అమీర్‌పేట్‌లో ల్యాబ్‌కెళ్ళి బ్లడ్ ఇస్తుంటే కళ్ళు తిరిగి పడిపోయాను, మా నాన్నకీ అంతే, ఇది వారసత్వమా అని అడిగారు కదా. కొంతవరకు అవునండి. కవలల మీద చేసిన స్టడీస్ ప్రకారం ఫోబియాల్లో (అంటే అదుపులో లేని భయాల్లో) జీన్స్ వాటా రమారమి మూడో వంతు, మిగతాదంతా మనకి జరిగినవీ, ఇంట్లో చూసి నేర్చుకున్నవీ.

భయాన్ని ముందు పసిగట్టేది మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం. సెరటోనిన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం, దాన్ని వాడాక తిరిగి కణం లోపలికి లాక్కునే ప్రోటీన్‌కి ఒక జీన్ ఉంది, ఆ జీన్‌లో పొట్టి రకం, పొడుగు రకం అని రెండున్నాయి, 2002లో అమెరికాలో హరీరి అనే పరిశోధకుడి టీమ్ మనుషుల్ని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి భయపడ్డ మొహాలు చూపిస్తే పొట్టి రకం ఉన్నవాళ్ళ అమిగ్డలా ఎక్కువగా రియాక్ట్ అయింది. 2004లో స్వీడన్‌లో సోషల్ ఫోబియా, అంటే నలుగురిలో ఉండాలంటే భయం, ఉన్నవాళ్ళ చేత నలుగురి ముందు మాట్లాడిస్తే కూడా అదే కనిపించింది. కానీ తర్వాత ఇలాంటి స్టడీస్ లెక్కలన్నీ కలిపి చూస్తే ఈ ఒక్క జీన్ ప్రభావం చాలా చిన్నదని తేలింది, కాబట్టి ఫోబియా జీన్ దొరికింది అని ఎవరైనా చెప్తే దయచేసి నమ్మకండి, ఇలా చిన్న చిన్న ప్రభావం ఉన్న జీన్స్ చాలా కలిస్తేనే ఇది.

మీ రక్తం భయం మాత్రం కుటుంబాల్లో బాగా కనిపిస్తుంది, ఇందులో బీపీ ముందు పెరిగి ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే సొమ్మసిల్లుతారు. ఈసారి పడుకునే శాంపిల్ ఇస్తానని ముందే చెప్పండి, సూది గుచ్చే చేతిని వదులుగా పెట్టి కాళ్ళు, పొట్ట ఓ 10-15 సెకన్లు బిగించి వదలండి, మళ్ళీ బిగించండి, బీపీ పడకుండా ఉంటుంది.