సాంచాల చప్పుడు ఏదమ్మా?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలు, రెండుసార్లు చదివాను. జౌళి రంగానికి కేంద్రం, రాష్ట్రాలు తెచ్చిన పథకాల్లో పేరు తెలిసినవి ఒక్కటీ వదల్లేదు నువ్వు. పడ్డ కష్టం కనిపిస్తోంది. కానీ ఉన్నమాట చెప్తున్నా, వ్యాసం కన్నా దానికి పిన్ను కొట్టి పంపిన చీటీ నాకు నచ్చింది. "మాది సిరిసిల్ల. నాన్న ఆసామి. నాలుగు సాంచాలున్నాయి, ఈ నెల రెండే నడుస్తున్నాయి." అంతే ఉంది అందులో. మేం మరమగ్గాలనేవే మీ సాంచాలు, వాటి సొంతదారే ఆసామి. ఆ నాలుగు సాంచాలూ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా చప్పుడు చెయ్యలేదు.

ఎందుకు దాచావో ఊహించగలను. నేత మీద వ్యాసమంటే చేనేత గురించే ఉండాలి, సాంచాల మీద నేసే పాలిస్టర్ ఊసెత్తితే పరువు తక్కువ అనుకుని ఉంటావు. అది నీ తప్పు కాదులే, మా తరం రాసిందే అట్లా. నేను చీరాల దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టాను. మా పెద్దవాళ్లకి మరమగ్గం పేరెత్తితే చాలు, ఒళ్లు మండేది. వాళ్ల కోపం ఉత్తినే రాలేదు. మేం నేసిన అంచు బజార్లో నాలుగు రోజులు ఆడిందంటే, అదే అంచు మరమగ్గం మీద నేసి సగం ధరకు దించేవాళ్లు. నేనూ చాలా ఏళ్లు ఆ కోపంతోనే రాశాను. మీ వైపు నుంచి భివండి, సూరత్ పోయి సాంచాల దగ్గర రాత్రిళ్లు నిలబడ్డవాళ్లు కూడా మగ్గాల ఇళ్ల పిల్లలేనని బుర్రకెక్కేసరికి నాకు నలభై దాటాయి.

ఇంకో సంగతి మాత్రం కొంచెం ముందే తెలిసొచ్చింది. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక చేనేత సహకార సంఘం మీద పెద్ద వ్యాసం రాశాను. ఊరి పేరు వద్దులే. ఆఫీసులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, రిజిస్టరు ముందేశారు. మగ్గాల లెక్క, నూలు లెక్క, రిబేటు లెక్క అన్నీ పొందిగ్గా ఎక్కించుకుని వచ్చాను. అచ్చులో చూసుకుని మురిసిపోయాను కూడా. మా నాన్న చదివి, "గుంటలు చూశావురా?" అని ఒక్క మాట అడిగాడు. మగ్గం కింద నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంటలన్నమాట. మర్నాడు సైకిలేసుకుని మళ్లీ వెళ్లాను. రిజిస్టరులో మగ్గమున్న మొదటి ఇంట్లో గుంట నిండా పిడకలు. రెండో ఇంట్లో గుంటలో పాత గోనెపట్టా వేసి, దాని మీద కోడిని పొదగేశారు. వంగి చూడబోతే చెయ్యి పొడిచింది. ఆ సంఘానికి మాత్రం నూలు వస్తోంది, రిబేటు వస్తోంది. మళ్లీ వ్యాసం రాసి పంపితే వేసుకోలేదు.

అప్పట్నుంచి ఏ పథకం గురించి విన్నా ముందు ఒకటే అడుగుతాను. ఎవరి చేతికి?

నీ రెండో పేజీలో నేతన్న నేస్తం గురించి ఒక వాక్యం ఉంది, "ఆంధ్రప్రదేశ్‌లో చేనేత కార్మికుడికి ఏడాదికి 24,000 ఇచ్చారు" అని. 2019 డిసెంబరులో ధర్మవరంలో మొదలుపెట్టిన పథకం అది. డబ్బు నేరుగా ఖాతాలో పడింది, అది మెచ్చుకోవాల్సిందే. అయితే అది సొంత మగ్గం ఉన్నవాళ్లకు. మాస్టర్ వీవర్ షెడ్డులో, ఆయన మగ్గం మీద, ఆయన పట్టు తీసుకుని కూలికి నేసే మనిషి సంగతేంటి? రోజంతా నాడె ఆడించేది అతనే. నీ వాక్యం అబద్ధం కాదు, కానీ అతన్ని తుడిచేసింది. జీవో చేతికొస్తే ఎంత ఇస్తారన్నది తర్వాత చూసుకో, పేపర్లవాళ్లు ఎలాగూ రాస్తారు. ముందు అర్హతల పేరా చదువు.

అదే చేత్తో లెక్కలు కూడా చూడు. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది తేలారు. అందులో నేసేవాళ్లు 26.73 లక్షలు, మిగతావాళ్లు కండెలు చుట్టడం, పడుగు తియ్యడం, రంగులద్దడం లాంటి పనులవాళ్లు. మొత్తంలో 72 శాతానికి పైగా ఆడవాళ్లు. నీ వ్యాసంలో "నేతన్న" అన్న మాట పందొమ్మిదిసార్లు వచ్చింది, పెన్సిల్‌తో చుట్టాను చూసుకో. ఆడమనిషి ఒక్కసారి వచ్చింది, అదీ చీర కట్టుకున్న మంత్రిగారు.

ఇక నాకు అన్నిటికన్నా వెలితి అనిపించింది చిలప, అంటే వదులుగా చుట్టిన నూలు కట్ట. ఆ మాటే లేదు నీ వ్యాసంలో. మిల్లు నుంచి నూలు కోనుగా వస్తుంది, లేకపోతే చిలపగా వస్తుంది. కోను సాంచాకు అనువు. చిలపను విప్పి నానబెట్టొచ్చు, రంగులో ముంచొచ్చు, గంజి పట్టించొచ్చు, అందుకే చేనేతకు అదే ప్రాణం. 80వ నంబరు నూలంటే పౌను బరువులో 80 చిలపలు, ఒక్కో చిలప 840 గజాలు. మా అమ్మ తడి చిలపను రెండు చేతులకీ తగిలించి ఒక్క విదుపు విదిపేది. టప్పుమని చప్పుడయ్యేది, ముఖం మీద తుంపర పడేది, పోగులన్నీ వరసలో నిలబడేవి. నేను విదిపితే ఉన్న చిక్కుకి ఇంకో చిక్కు తోడయ్యేది.

మిల్లులు దేశంలో అమ్మే నూలులో ఇంత వంతు చిలపలుగానే కట్టాలని కేంద్రం రూలు పెట్టింది. ఒకప్పుడు అది సగం. తర్వాత 40 శాతం అయింది, 2019లో 30కి దించారు. ఆ దించడం మీద ఎక్కడా పెద్ద గొడవ కాలేదు, ఎందుకంటే చిలప అంటే ఏంటో తెలిసిన విలేకరులు లేరు. చిలప నూలు మీద 15 శాతం రాయితీ కూడా ఉంది, జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా వస్తుంది. ఇప్పుడు ఆలోచించు, రాయితీ చిలపను మళ్లీ కోనుకెక్కిస్తే అది చేనేత నూలని ఎవరు కనిపెడతారు? ఈ దొంగదారి గురించి చేనేత ఊళ్లలో ఎవర్నడిగినా చెప్తారు. ఒక్క మూట వెంట పడు. డిపో దగ్గర మొదలుపెట్టి, ఆటో ఎక్కి, అది ఏ గుమ్మం ముందు దిగుతుందో చూడు. ఒక కొస మావాళ్లకు తెలుసు, రెండోది మీ నాన్నగారికి తెలుస్తుంది. ఆయన వాడారనడం లేదమ్మా, బజారు తెలిసిన మనిషి గనక అంటున్నా.

కొన్ని రకాల బట్టలు చేనేతకే కేటాయించిన 1985 చట్టాన్ని "రక్షణ కవచం" అన్నావు. మొదట 22 రకాల బట్టలు చేనేతకే అన్నారు. మరమగ్గాలవాళ్లు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది, ఆ తర్వాత జాబితా 11కి కుదించుకుపోయింది. చీర అందులో ఉంది గాని ఏ నూలు, ఏ అంచు అని షరతులున్నాయి. మీ పాలిస్టర్ చీర దాని కిందికి రాదు. ఇది ఒక్క పేరాలో తేల్చెయ్యి, చాలు.

అసలు నువ్వు రాయాల్సింది మీ ఊరి చీరల కథ. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు మొదలుపెట్టింది, తనే కొని పండక్కి ఆడవాళ్లకు ఉచితంగా పంచేది. మొదటి ఏడు సిరిసిల్లలో అన్ని చీరలు తయారుకాక సూరత్ నుంచి కూడా తెచ్చారు, నాణ్యత మీద నానా రభస అయింది. తర్వాత మీ ఊరికే ఇచ్చారు, ఏడాదికి దాదాపు కోటి చీరలు. 2023 చివర్లో ప్రభుత్వం మారింది, ఆ ఆర్డరు ఆగింది. కొన్నాళ్లకు మహిళా సంఘాల చీరలని ఇంకో ఆర్డరు వచ్చింది. నా మటుకు నేను, శిక్షణలూ యంత్రాల సబ్సిడీలూ అన్నీ కలిపినా మీ ఊరికి ఈ కొనుగోలు చేసినంత మేలు చెయ్యలేదనే అనుకుంటాను. కానీ కొనేవాడు ఒక్కడే అయితే ఒక్క సంతకంతో ఊరు ఊరంతా ఖాళీగా కూర్చోవాలి. ఇందులో ఏది బరువో నేను తూచలేను, దూరపువాణ్ణి. నీకు తెలుసు. ఆర్డరున్న ఏడు మీ ఇంట్లో ఏం కొన్నారు? బిల్లు లేటైతే ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చారు? సాంచా ఆగిన రోజు నాన్న పొద్దున లేచి ఎటు వెళ్తారు? 2025 సెప్టెంబరులో సింథటిక్ నూలు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు కదా, ఆ తగ్గింపు మీ గుమ్మం దాకా వచ్చిందా, నూలమ్మే సేటు గల్లాపెట్టె దగ్గరే ఆగిందా? ఇవి నాకు ఏ జీవోలోనూ దొరకవు.

"సంప్రదాయ, ఆధునిక రంగాలకు ప్రభుత్వం సమాన ప్రోత్సాహం ఇస్తోంది" అన్న వాక్యం దగ్గర నా పెన్సిల్ విరిగింది. 2021లో తెచ్చిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం 10,683 కోట్లది. అందులో చేరడానికి అప్పుడు పెట్టిన షరతు కనీసం 100 కోట్ల పెట్టుబడి, ఇంకో తరగతికి 300 కోట్లు. నాలుగు సాంచాల ఆసామి దాని వాకిట్లోకి కూడా వెళ్లలేడు. వెళ్లాలని దాన్ని పెట్టలేదు కూడా. బంగ్లాదేశ్, వియత్నాంలతో పోటీ పడే పెద్ద ఫ్యాక్టరీల కోసం పెట్టారు. అట్లాగని వెక్కిరించకు. వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కు ఉంది, 2017లో శంకుస్థాపన చేశారు, 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో చేరింది. ఒకసారి వెళ్లి షిఫ్టు మారే టైముకి బస్సుల దగ్గర నిలబడు. కుట్టుపనికి వచ్చే ఆడపిల్లలతో మాట్లాడు, పొలం ఇచ్చిన రైతుతో కూడా మాట్లాడు. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టు.

బడ్జెట్ అంకెలు రాసేటప్పుడు కేటాయింపు, విడుదల, ఖర్చు మూడూ అడుగు. మొదటిది అందరూ చెప్తారు. మిగతా రెంటికీ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నాకొచ్చిన జవాబుల్లో సగం "మీరడిగిన సమాచారం మా వద్ద లేదు" అనే. అవన్నీ ఫైలు చేసి పెట్టుకున్నా, వాటి మీదే ఒక వ్యాసం రాశాను.

అగ్గిపెట్టెలో పట్టే చీర మీ ఊరిదేనని తెలుసు, గొప్పే. అయినా తీసెయ్యి. ప్రతి ఆగస్టు 7కీ అందరూ దాన్నే మడతలు విప్పి చూపిస్తారు. చేనేత దినోత్సవం గురించి రాయాలనుంటే ఇది రాయి: 1905 స్వదేశీ ఉద్యమం గుర్తుగా 2015 నుంచి ఆ రోజు జరుపుతున్నారు. 2020లో ఆ పండక్కి రెండు వారాలైనా లేదనగా అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. పక్కపక్కన పెట్టి ఊరుకో, విశేషణాలు వద్దు.

వ్యాసం వెనక్కి పంపిస్తున్నా. ఆగిన రెండు సాంచాల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి, ఏడు పేజీలు చాలు. మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దనాన్న లాంటివాడు

తా.క.: మూడో పేజీలో "అడ్డంగా సాగే పడుగు" అని రాశావు. పడుగు నిలువు, పేక అడ్డం. ఇంట్లో ఎవరూ చూడకముందే దిద్దుకో.