లడ్డూ గోకుడు సంగతి

చిన్నీ,

నువ్వు పంపిన మీ హ్యామ్‌స్టర్ లడ్డూ వీడియో మూడుసార్లు చూశాను. వెనక కాలితో చెవి కింద గోక్కోవడం, ఆగి చుట్టూ చూడటం, మళ్లీ మొదలుపెట్టడం. మూడు వారాలుగా ఇదే తంతు అంటే మామూలు దురద కాదు. అలాగని టెన్షన్ పడి ఏదో ఒకటి పూసెయ్యకు.

నా మొదటి హ్యామ్‌స్టర్‌కి నేను చేసింది అదే. మీ బాబాయి గజ్జలో దురదకి తెచ్చుకున్న ట్యూబు సగం మిగిలితే అది రాశాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, డాక్టర్నైపోయాననుకున్నా. పది రోజులకి మచ్చ రెండింతలైంది, నా మణికట్టు మీద ఎర్రటి అంచుతో గుండ్రంగా తామర లేచింది. దానిదీ తామరే! ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. అది దురదని అణిచి, లోపల ఫంగస్‌ని పెంచుతుంది. పైగా ఒంటికి ఏం రాసినా హ్యామ్‌స్టర్ నాకెయ్యక మానదు. తామర మనకీ అంటుకుంటుంది కాబట్టి మీ వాడు లడ్డూని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించు, ఒళ్లో మాత్రం పడుకోబెట్టుకోనివ్వకు.

ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ చుక్క కూడా నోట్లో వెయ్యొద్దు. మనకి పనిచేసే మందే, కానీ దాని పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని చంపేసి, చెడ్డది పెరిగేలా చేసి ప్రాణం తీస్తుంది. కుక్కల గోమార్ల మందు కూడా వద్దు.

ముందు దాని పడక చూడు. కప్‌బోర్డులు చేస్తున్న కార్పెంటర్ దగ్గర రంపపు పొట్టు ఉచితంగా వస్తోందని మురిసిపోయావు కానీ, అందులో ప్లైవుడ్ జిగురు ధూళి ఉంటుంది. దేవదారు, పైన్ పొట్టయితే వాటి ఘాటైన నూనెలు చర్మానికీ ఊపిరికీ పడవు. అంతా తీసెయ్. వాసన లేని తెల్ల టిష్యూ పేపర్ చింపి మందంగా వెయ్యి. పంజరం వేడినీళ్లతో కడుగు, ఫినాయిల్ వద్దు. ఈ వానాకాలం తేమకి అది ఉచ్చపోసే మూల రోజూ మార్చాలి. నీళ్ల స్నానం చేయించకు, పౌడర్ చల్లకు. చిన్న గిన్నెలో పొడి ఇసుక పెడితే అదే దొర్లుతుంది.

పొద్దున్నే దాన్ని నల్ల గుడ్డ మీద పెట్టి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో బొచ్చు వెనక్కి దువ్వి టార్చి వేసి చూడు. తుంటికి రెండు పక్కలా నల్లటి మచ్చలు కనిపిస్తే కంగారుపడకు, సిరియన్ జాతికి అవి వాసన గ్రంథులు. ముక్కు మీద మాత్రమే బొచ్చు పోతే ఊచలకి రాసుకుంటోందన్నమాట. వీపు వెనక భాగంలో పలచబడి చుండ్రులా పొట్టు రాలితే మైట్స్, అంటే చర్మంలో ఉండే సూక్ష్మమైన పురుగులు కావచ్చు. ఒంట్లో శక్తి తగ్గిన ముసలి వాటికి ఇవి ఎక్కువ, లడ్డూకి రెండేళ్లు దాటాయి కదా. కుదుళ్లలో దాక్కుంటాయి కాబట్టి కంటికి కనపడవు, చర్మం గీరి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. రెండు పక్కలా సమానంగా బొచ్చు రాలుతూ నీళ్లు విపరీతంగా తాగుతుంటే హార్మోన్ల గొడవ, అది కూడా డాక్టరుకి చెప్పాలి.

నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకి గానీ, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి గానీ ముందు ఫోన్ చేసి, హ్యామ్‌స్టర్లని చూసే డాక్టర్ ఉన్నారా అని అడుగు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాళ్లు చేతికి తీసుకుని చూడకుండానే ఇంజెక్షన్ అంటే, మొహమాటపడకుండా వచ్చెయ్. ముందు గీరి చూస్తారా అని అడగాలి. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి బరువు రాసుకుని వెళ్లు. మైట్స్‌ని చంపే ఐవర్‌మెక్టిన్ మందు ఇస్తే డోసు గ్రాముల లెక్కన ఉంటుంది. ఎండ ముదరకముందే బయలుదేరు, డబ్బాలో దాని సొంత కాగితాలే కాస్త వెయ్యి.

బరువెంతో ఈ ఆదివారం చెప్పు. ఆ తుంటి మచ్చల ఫొటో కూడా పంపు, చూస్తాను.

మీ పిన్ని