విలియమ్స్‌బర్గ్ వెళ్తున్న మా చిన్నాకి

చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, జులైలో వాళ్ళిద్దరినీ విలియమ్స్‌బర్గ్ తీసుకెళ్తున్నావట. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అందరూ నయాగరా అంటారు, టైమ్స్ స్క్వేర్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దపు రోజుల్ని అలాగే నిలబెట్టి చూపించే ఈ ఊరు నీకు తోచినందుకు చాలా మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక 'జులై' అన్న మాట గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది.

వర్జీనియాలో కాపురం చేసినదాన్ని, అక్కడి జులై ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. "చీరాల ఎండలు చూసినవాళ్ళం, ఇదేం లెక్క" అంటారు మీ నాన్న. చీరాలలో ఆయన మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద మైలు దూరం నడుస్తారా? ఇక్కడ నడవాలి. ఊళ్ళో ముఖ్యమైన డ్యూక్ ఆఫ్ గ్లాస్టర్ వీధికి ఒక కొసన క్యాపిటల్, అంటే పాత శాసనసభ భవనం ఉంటుంది, రెండో కొసన విలియం అండ్ మేరీ కాలేజీ. మధ్యలో దాదాపు మైలు, పగలు కార్లు రానివ్వరు. పాతకాలపు ఇళ్ళు కదా, గుమ్మం గుమ్మానికీ మెట్లు. మీ అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలియదు. నీ ముందు నొప్పి అనదు, రాత్రి నాకు ఫోన్ చేసి అంటుంది.

కారు విజిటర్ సెంటర్‌లో పెట్టి బస్సెక్కండి. షూస్, టోపీలు, మంచినీళ్ళు. పులిహోర కట్టుకెళ్ళండి. వీధుల్లో తిరగడానికి టిక్కెట్టు అక్కర్లేదు కానీ ఇళ్ళలోకి, పనివాళ్ళ షాపుల్లోకి వెళ్ళాలంటే కావాలి. డబ్బులెందుకు దండగని బయటి నుంచే ఫొటోలు తీసుకుని వచ్చేసిన తెలుగువాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. వాళ్ళలో చేరకు.

మీ నాన్న ప్రతి గోడ దగ్గరా "ఇది అసలుదా, కొత్తగా కట్టిందా" అని అడుగుతారు కాబట్టి కాస్త చదువుకుని వెళ్ళు. 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి అదే రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి మారాక ఊరు చిక్కిపోయింది. అక్కడి చర్చి ఫాదర్ గుడ్విన్ పట్టుబట్టి జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ని ఒప్పిస్తే 1926లో పాత ఊరిని నిలబెట్టే పని మొదలైంది. అసలు కట్టడాలు తొంభై దాకా మిగిలాయి. గవర్నర్ ప్యాలెస్, క్యాపిటల్ మాత్రం ఎప్పుడో కాలిపోతే 1930ల్లో పాత పునాదుల మీద మళ్ళీ కట్టినవి. ప్యాలెస్‌లో గోడ నిండా తుపాకులు, కత్తులు వేలాడదీసి ఉంటాయి. పది నిమిషాలు చాలు దానికి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. అక్కడ పాతకాలం బట్టలు వేసుకున్నవాళ్ళంతా ఒకటి కాదు. కమ్మరి, పీపాలు చేసేవాళ్ళు, నేతవాళ్ళు తమ పేరుతో తామే మాట్లాడతారు. వాళ్ళు నిజంగా ఆ పని ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళు. ఇంకొందరు ఆనాటి మనిషే అయిపోయి మాట్లాడతారు. ఈ తేడా తెలియక మా ఆడపడుచు మొగుడు చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

పేటన్ రాండాల్ఫ్ అని, బ్రిటిష్‌వాళ్ళని ఎదిరించిన అమెరికా కాలనీల సభ, కాంటినెంటల్ కాంగ్రెస్‌కి మొదటి ప్రెసిడెంటు. ఆయన ఇల్లు అక్కడ ఉంది. 1775లో ఆ ఇంట్లో 27 మంది బానిసలుండేవారు. పెరట్లో వంటిల్లు. అక్కడ ఒకావిడ, తలకి గుడ్డ చుట్టుకుని, జాకెట్టు చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకుని, ఆ 27 మందిలో ఒకరిగా మాట్లాడుతోంది. యజమాని పోతే పాత్రలూ పశువులతో పాటు మనుషుల్నీ పంచుకుంటారని, తన కూతురు ఎవరి వాటాలోకి పోతుందో తెలియదని చెబుతోంది. చెబుతూ చెబుతూ చేతిలో గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. మా పెద్దమనిషి సరిగ్గా అప్పుడే కూతుర్ని ముందుకి తోసి, ఫోన్ ఎత్తి, "మేడమ్, స్మైల్ ప్లీజ్" అన్నాడు.

ఆవిడ ఆగిపోయింది. అప్పటిదాకా ఉన్న గొంతు మారిపోయి, తన సొంత గొంతుతో, "నేను చెప్పడం ఇంకా అవలేదు సార్" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయిపోయింది. తిరుగు ప్రయాణంలో కార్లో ఆయన "యాక్టింగే కదా, ఎందుకంత ఇదైపోవడం" అంటే, బావగారి ముందు ఎన్నడూ గొంతెత్తని మీ పెదనాన్న పెట్రోలు బంకులో కారాపి మరీ అన్నారు: "ఆ రోజుల్లో ఈ ఊళ్ళో సగం మందికి పైగా నల్లవాళ్ళే, అందులో దాదాపు అందరూ బానిసలే. వాళ్ళ మాట వినిపించాలని రోజంతా నిలబడి చెబుతోందావిడ. మీ ఇంటి ఆడపిల్లని పంచుకుపోతుంటే నవ్వమంటారా?" ఆ తర్వాత ఏడాది దాకా మాటల్లేవు.

నీ ఇన్‌స్టాగ్రామ్ నేనూ చూస్తాలే. నువ్వు ఆ పని చెయ్యవనే నా నమ్మకం. కానీ మీ నాన్నకి కొత్త ఫోన్ కొనిచ్చావు కదా, ఆయనకి ముందే చెప్పు. కోర్టు దగ్గర ఆనాడు తప్పు చేసినవాళ్ళ మెడ బిగించిన కొయ్యలాంటిది ఉంటుంది, అందులో తల పెట్టి ఎన్ని ఫొటోలైనా దిగమను.

మీ అమ్మని బ్రే స్కూల్‌కి తీసుకెళ్ళు. నేను అక్కడ ఉన్న రోజుల్లో ఇది లేదు. నల్లజాతి పిల్లల కోసం 1760లో పెట్టి 1774 దాకా నడిపిన బడి. కాలేజీ భవనాల్లో ఒకటిగా కలిసిపోయి ఉంటే గుర్తుపట్టి, 2023లో బిల్డింగ్‌కి బిల్డింగ్‌నే బండి మీదకెక్కించి ఊళ్ళోకి తెచ్చారు. అక్షరాలు నేర్పుతూనే బానిసగా ఉండడం దేవుడి ఏర్పాటని నూరిపోసేవారట. రిటైరైన టీచరు, మీ అమ్మ ఊరుకోదు, అక్కడి వాళ్ళతో వాదన పెట్టుకుంటుంది. పెట్టుకోనీ.

పీపాలు చేసేచోట మీ పెదనాన్న నన్ను గంటల తరబడి నిలబెట్టేవారు. ఓక్ చెక్కల్ని గుండ్రంగా నిలబెట్టి, ఒక వైపు కట్టు బిగించి, లోపల చిన్న మంట పెడతారు. తడిపిన చెక్క వేడికి మెత్తబడ్డాక రెండో వైపు కూడా దగ్గరికి వంచి కట్టు వేస్తారు. జిగురు చుక్క ఉండదు. "ఎంతసేపు పడుతుంది" అని అడిగితే అందరికీ చెప్పే జవాబే చెబుతారు. "ఇందులో ఎక్కడ చెడిపోతుంది" అని అడగండనేవారు మీ పెదనాన్న. అప్పుడు చూడాలి, పని పక్కనపెట్టి పాడైన చెక్క తెచ్చి మరీ చూపిస్తారు.

మీ నాన్నని మగ్గం దగ్గర అదే అడగమను. మీ తాతగారి గుంట మగ్గం మీద పెరిగిన మనిషి, బ్యాంకు ఉద్యోగం వచ్చాక దాని ఊసే ఎత్తలేదు. పడుగు దారం తెగితే అక్కడివాళ్ళు ముడి ఎలా వేస్తారో, ఉన్నికీ నూలుకీ తేడా ఏమిటో ఆయన అడగాలి. ఇంగ్లీషుకి తడబడితే నువ్వు అందుకో, అంతేగానీ "పదండి, టైమైపోతోంది" అనకు. ఆ రోజుల్లో మన బందరు వైపు అద్దకం బట్టలు సముద్రాలు దాటి ఆ దేశాలకి పోయేవి. అక్కడి ఆర్ట్ మ్యూజియం దగ్గర మన కోరమాండల్ తీరపు చింట్జ్, అంటే ఆ అద్దకం బట్టలున్నాయి, చూడనిస్తారేమో అడుగు. బట్టలే కాదు, మనుషులూ పోయారు. ఆ ఊళ్ళో అచ్చైన వర్జీనియా గెజిట్ అనే పేపర్లో 1768లో, పారిపోయిన పనివాళ్ళ ప్రకటనల్లో ఒక ఈస్ట్ ఇండియా మనిషిది కూడా ఉంది. ఏ రేవులో ఓడ ఎక్కాడో పాపం.

మీ అమ్మావాళ్ళు అక్టోబరు దాకా ఉంటారుగా, సెప్టెంబరు ఆఖరుకి మార్చుకో. లేదూ జులైలోనే అంటావా, పొద్దున తెరవగానే వెళ్ళి, మధ్యాహ్నం ఏసీ ఉన్న మ్యూజియంలో కూర్చోబెట్టు, మళ్ళీ సాయంత్రం బయటికి తీసుకురా. ఊరంతా ఒక్కరోజులో చుట్టేయాలనుకోకు. టిక్కెట్లు కొనకముందు నాకొక ఫోన్ చెయ్యి. మోకాళ్ళ సంగతి నేను రాశానని మాత్రం మీ అమ్మకి చెప్పకు, నన్ను బతకనివ్వదు.

మీ పెద్దమ్మ