కృతజ్ఞతాభ్యాసమా, ధన్యవాదాల పుస్తకమా?

సందేహం: రోజూ పడుకోబోయే ముందు, ఆ రోజు ఎవరి వల్ల నాకు ఏ మేలు జరిగిందో గుర్తుచేసుకుని మూడు ముక్కలు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. నాలుగు నెలలైంది. మనసు కుదుటపడింది, నిద్ర పడుతోంది. అట్ట మీద 'కృతజ్ఞతాభ్యాసం' అని రాశాను. 'అంత బరువెందుకమ్మా, ధన్యవాదాల పుస్తకం అనరాదూ' అంటోంది మా అమ్మాయి. ఏది ఒప్పు? దీనికి తెలుగు మాట లేదా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ధన్యవాదం అంటే 'నువ్వు ధన్యుడివి' అని ఎదుటివారిని మెచ్చుకోవడం. వినేవారు ఎదుట ఉండాలి. రాత్రి దీపం దగ్గర ఒక్కరే కూర్చుని మీరు చేస్తున్నది అది కాదు.

కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగినవాడు. ఈ మాటలో నోటితో చెప్పడం లేదు, బదులు తీర్చడమూ లేదు. తనకు జరిగిన మేలును ఎరిగి ఉండడం, అంతే. వాల్మీకి నారదుణ్ణి అడిగిన పదహారు గుణాల్లో 'ధర్మజ్ఞశ్చ కృతజ్ఞశ్చ' అని ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ కృతజ్ఞత ఎలాంటిదో అయోధ్యకాండ మొదటి సర్గలో చెప్పాడు: ఎవరైనా ఒక్క ఉపకారం చేస్తే చాలు, రాముడు తృప్తిపడతాడు, అపకారాలు నూరు చేసినా తలచుకోడు. మీ మనసు కుదుటపడడానికి కారణం ఈ రెండో సగంలో ఉందని నా నమ్మకం. మేలు లెక్కించే వేళ కీడు లెక్కకు చోటుండదు.

ఇంకా గొప్ప మాట ఉత్తరకాండలో ఉంది. హనుమంతుణ్ణి సాగనంపుతూ రాముడంటాడు: 'నువ్వు చేసిన ఉపకారం నా ఒంట్లోనే జీర్ణమైపోవాలి. ఆపదలో ఉన్నవాడికే కదా ప్రత్యుపకారం అవసరమయ్యేది!' బాకీ తీర్చాలనుకుంటే, చేసినవాడికి కష్టం రావాలని కోరుకున్నట్టే. అందుకే తీర్చనంటున్నాడు, ఒంటబట్టించుకుంటానంటున్నాడు. ఉత్తరకాండ ప్రక్షిప్తం, అంటే తర్వాత ఎవరో చేర్చినది, అనేవారితో ఈ ఒక్క శ్లోకం కోసమైనా వాదానికి దిగాలనిపిస్తుంది నాకు. మన తెలుగువాళ్లూ మేలును తిండితోనే ముడిపెట్టారు చూడండి. మేలు మరిచినవాణ్ణి 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు' అన్నారు. భోజనం చేసి లేస్తూ 'అన్నదాతా సుఖీభవ' అనడం కూడా రోజువారీ అభ్యాసమే. ఇప్పుడు ఆ మాట పెళ్లి పంతుళ్ల నోటనే వినబడుతోంది.

ఇక నా బాధ ఒకటి చెప్పుకోవాలి. తెలుగు నోట 'జ్ఞ' దాదాపు 'గ్న' అవుతుంది, అది మన అలవాటు, తప్పుపట్టను. కానీ వేదికల మీద, వార్తల్లో దాన్ని ఒత్తి 'కృతఘ్నతలు' అంటున్నారు, అలాగే రాసేస్తున్నారు కూడా! ఘ్న అంటే చంపేవాడు. శత్రుఘ్నుడిలో ఉన్నది అదే. సర్వజ్ఞుడిలో ఉన్నది జ్ఞ. ఒక్క ఒత్తు తేడాతో మేలు ఎరిగినవాడు మేలును చంపినవాడైపోతున్నాడు. సన్మానం చేసినవాళ్లకు సభలో 'నా కృతఘ్నతలు' అని చెప్పడం ఎంత ఘోరం!

'కృతజ్ఞతలు' అనే బహువచనం కూడా నాకు రుచించదు. అది గుణం. ఓర్పులు, దయలు అంటామా? అయితే వాడుక స్థిరపడిపోయింది కాబట్టి తప్పని కొట్టెయ్యలేను. 'కృతజ్ఞతాపూర్వక ధన్యవాదాలు' మాత్రం వద్దు.

తెలుగు మాటంటారా, 'నీ మేలు మరవను', 'పుణ్యం కట్టుకున్నావు', 'నీ కడుపు చల్లగా' అన్నవి ఉండనే ఉన్నాయి గానీ, అవి మనిషితో చెప్పేవి. కృతజ్ఞతకు అచ్చంగా సరిపోయేట్టు 'మేలెరుక' అనుకోవచ్చేమో. నిఘంటువు చూపించమంటే నా దగ్గర ఆధారం లేదు, అర్థం మాత్రం కుదురుతుంది. మీ 'కృతజ్ఞతాభ్యాసం' సమాసంగా నిర్దుష్టం, ఉంచుకోండి. మీ అమ్మాయి మాటా పూర్తిగా తోసెయ్యకండి. ఆ పుస్తకంలోని పేర్లలో పాలు పోసే మనిషో పక్కింటావిడో ఉంటే, పొద్దున్నే కనబడినప్పుడు ఎదుటే చెప్పండి. అప్పుడది ధన్యవాదమే.